ఫ్యాను ఆగే చప్పుడు

ఛార్జర్ చచ్చిందన్నాడు ఫ్లోరిదోర్ బార్రియా,
గొడుగు మడవకుండానే.
దల్కావేలో జూన్ వానకు గొడుగు మడిచేదెవరు గనక.

మూడు బ్యాటరీలు బల్ల మీద పెట్టాడు.
అంచుల్లో రంపపు పొట్టు, పడవకు పూసే తారు వాసన.
ఒకదాని మూత మీద పెన్సిల్‌తో గీసిన చిన్న చేప.
"రాత్రంతా పెట్టినా నిండవు దోన్యా.
దీపం మారదు."

ఈ మాట నాకు కొత్త కాదు.
చిలోయె ద్వీపంలో సగం డ్రిల్లులు
ఉప్పుగాలి తినీ తినీ నా దగ్గరికే వస్తాయి.
ముందు కళ్ళతో చూస్తాను, తర్వాత ముక్కుతో.
మీటరు ఆ తర్వాతే.
తియ్యటి మాడు వాసన తగిలిందా, ఇక తెరవను,
ఇసుక బకెట్లో పెట్టి పెరట్లోకి పంపిస్తాను.

మొదటిదానికి ఏ వాసనా లేదు.
ఇత్తడి నాలుకల మీద కాస్త చిలుము.
పాత టూత్‌బ్రష్, రెండు చుక్కల స్పిరిట్టు,
బడిపిల్లల రబ్బరుతో నాలుగు రుద్దులు.
మీటరు ఇరవై చూపించింది.
ఇరవై అంటే నిండుకుండ.

రెండోదీ ఇరవయ్యే.

చేప బొమ్మది పదిహేడు దగ్గర ఆగింది.
మరలు విప్పి మూత తీశాను. వరసలో ఐదు సెల్లులు.
మూడు పాయింట్ తొమ్మిది, మళ్ళీ తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది,
చివరిది ఒకటి పాయింట్ ఏడు.
అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి.
దీన్ని తిప్పికొట్టిందంటే ఛార్జర్ చావలేదు,
బుద్ధిగా కాపలా కాస్తోంది.

"ఆ ఒక్కటీ మార్చలేవా?"

మార్చొచ్చు. నలుగురు ముసలాళ్ళకి ఒక కుర్రాణ్ణి కట్టేస్తే
వాడు ఉరుకుతాడు, వీళ్ళు ఈడుస్తారు,
నాలుగు నెలల్లో మళ్ళీ ఇదే బల్ల దగ్గర ఉంటావు.
మంచి బ్యాటరీ నుంచి తీగలేసి దీన్ని లేపే విద్య కూడా ఉంది.
నేను చెయ్యను.
నా ఎడమ బొటనవేలి గోరు ఎందుకిలా ఉందో అడగొద్దు.

సరే, ఒకటి పోయింది.
తక్కిన రెండూ నిండుగానే ఉన్నాయి కదా,
మరి నిండవంటాడేం?

ఛార్జర్‌ను నా ప్లగ్గులో పెట్టి మొదటిది ఎక్కించాను.
చిన్న ఫ్యాను గుర్రుమంది. ఎర్రదీపం.
కాసేపటికి ఫ్యాను ఆగింది. ఆకుపచ్చ.
"అదిగో, మారింది."

ఆయన వంగాడు. కళ్ళద్దాలు నుదుటికి తోసి చూశాడు.
"ఏం మారింది?"

డ్రాయరులోంచి ఒక ఎర్ర తీగముక్క, ఒక పచ్చ తీగముక్క తీసి
ఆయన అరచేతిలో పెట్టాను.
ఏది ఏదని అడగలేదు.
ఆయనే చూసి, వెలుగులోకి జరిగి మళ్ళీ చూసి, నవ్వేశాడు.

"పాత ఛార్జర్‌కి రెండు దీపాలుండేవి, ఎడమొకటి, కుడొకటి.
ఇది ఒంటికంటితో రెండు మాటలూ చెబుతోందన్నమాట.
నెల్సన్ ఉన్నప్పుడు వాడే చూసి తీసేవాడు.
సాల్మన్ కంపెనీకి వెళ్ళిపోయాడుగా, మే నెలకి ఏడాది."

డెబ్భై ఒక్క ఏళ్ళు. నలభై పడవలు.
"మరి పడవలకి రంగులెలా వేశావయ్యా?"
"రంగులు మా ఆవిడ చూసుకుంటుంది.
నాకు చెక్క చాలు. సైప్రస్ ఏదో, ఉల్మో ఏదో
గోరుతో గీకి వాసన చూసి చెబుతా."

అయితే చెవులున్నాయిగా, అన్నాను.
ఫ్యాను ఆగితే నిండినట్టు.
అసలు మొదలే కాకపోతే ఇక్కడికి రా.

రెండో బ్యాటరీ ఆయనే ఎక్కించాడు.
రేకుల మీద వాన ఒకటే రొద.
ఛార్జర్ మీదికి చెవి వంచి, కొత్త పలకని తట్టి చూసేవాడిలా
కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.
"ఆగింది," అన్నాడు, నాకంటే ముందే.

రబ్బరుకి, స్పిరిట్టుకి ఎంతిమ్మంటావన్నాడు.
పోయిన బ్యాటరీ కూడా అడిగాడు.
సెల్లులు ఇవ్వలేదు. అవి ఎర్ర డబ్బాలో పడాలి,
అదెక్కడుందో ఆయనకి వేలుపెట్టి చూపించాను.

పైమూత మాత్రం తుడిచి ఇచ్చాను, చేప ఉన్నది.
నెల్సన్ గీసిందట.